క్లౌడ్‌కు ఎవరి ఖాతా వెళ్లాలి, ఎవరిది వెళ్లకూడదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన అయిదు ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడుగుతున్నాయి. సంస్థలోని లాగిన్ ఖాతాలు, గ్రూపులు, కంప్యూటర్లన్నిటినీ నమోదు చేసి ఉంచే, సంస్థ సర్వరులో ఉన్న యాక్టివ్ డైరెక్టరీని మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ గుర్తింపు సేవ అయిన ఎంట్రా ఐడీతో కలిపేటప్పుడు ఏ ఖాతాలను పంపాలి, వేటిని ఆపాలి అన్నదే ఆ విషయం. 2023 వరకు అజూర్ యాక్టివ్ డైరెక్టరీ అనే పేరుతో ఉన్న సేవే నేటి ఎంట్రా ఐడీ. సర్వరు నుంచి క్లౌడ్‌కు ఖాతాలను చేరవేసే, అంటే సింక్ చేసే సాఫ్ట్‌వేరును కూడా ఇప్పుడు ఎంట్రా కనెక్ట్ అంటున్నారు. కొందరు పాత పేర్లతో రాశారు గాని, జవాబులలో కొత్త పేర్లే వాడుతున్నాను.

ప్రశ్న: ఒకే ఆవరణలో ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ కళాశాలలు నడుపుతున్న సంస్థలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా పనిచేస్తున్నాను. మా యాక్టివ్ డైరెక్టరీలో బోధన, బోధనేతర సిబ్బంది, ప్రస్తుత విద్యార్థులు, చదువు ముగించుకొని వెళ్లిపోయినవారు, ల్యాబ్ కంప్యూటర్లు, వేలిముద్రల హాజరు యంత్రం కోసమూ బ్యాకప్ కోసమూ చేసిన ఖాతాలు అన్నీ కలగలిసి ఉన్నాయి. వచ్చే విద్యా సంవత్సరం నుంచి సిబ్బందికి, ఇంజనీరింగ్ విద్యార్థులకు క్లౌడ్‌లో మెయిలు, టీమ్స్ ఇవ్వాలని యాజమాన్యం నిర్ణయించింది. "అందరినీ పంపించేయండి, అక్కర్లేనివారిని తరువాత తీసేద్దాం" అంటున్నారు. ఓయూ (డైరెక్టరీలో ఖాతాలను విడివిడిగా ఉంచే ఆర్గనైజేషనల్ యూనిట్), గ్రూపు, యాట్రిబ్యూట్ (ఖాతా వివరాలలోని ఒక గడి) అని మూడు రకాల ఫిల్టర్లు ఉన్నాయని చదివాను. దేనిని ఎంచుకోవాలి?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఖర్చు వరకే చూస్తే మీ యాజమాన్యం మాటలో తప్పు లేదు. ఖాతా క్లౌడ్‌కు చేరినంత మాత్రాన రుసుము పడదు, లైసెన్సు కేటాయించినప్పుడే పడుతుంది. ఉచిత స్థాయిలోనే మొదట 50,000 ఆబ్జెక్టులకు, మీ సొంత డొమైన్‌ను ధ్రువీకరించుకున్న తరువాత 3,00,000 వరకు చోటు ఉంటుంది గనుక ఆ హద్దు గురించి మీరు ఆలోచించనవసరం లేదు. నా అభ్యంతరం వేరు. బ్యాకప్ కోసం చేసిన ఖాతా మీ సర్వరులో మాత్రమే ఉన్నంతకాలం దానితో లాగిన్ కావాలంటే కళాశాల నెట్‌వర్కులోకి రావాలి. అదే ఖాతా క్లౌడ్‌కు చేరిన తరువాత ప్రపంచంలో ఏ మూల నుంచైనా, ఎవరైనా, ఆ పేరుతో పాస్‌వర్డు ఊహించి ప్రయత్నించవచ్చు. ఇటువంటి ఖాతాల పాస్‌వర్డులు ఏళ్ల తరబడి మారవు, వాటి వెనుక రెండో గుర్తింపు కోసం ఫోను పట్టుకున్న మనిషీ ఉండడు. పోగొట్టుకోవడానికి ఇంతకంటే తేలికైన ఖాతాలు ఉండవు.

"తరువాత తీసేద్దాం" అన్న మాటను మరింత గట్టిగా ఆపవలసి ఉంటుంది. ఒకసారి సింక్ అయిన ఖాతాను ఫిల్టరు వెలుపలకు నెడితే, ఎంట్రా కనెక్ట్ దానిని 'ఇకపై పట్టించుకోనవసరం లేనిది'గా చూడదు, క్లౌడ్‌లో తొలగించవలసినదిగా చూస్తుంది. అంటే ఎక్కువమందిని పంపి తరువాత తగ్గించుకోవడమంటే ప్రతిసారీ తొలగింపులు చేయడమే. ఆ తొలగింపుల జాబితాలో ఒక అధ్యాపకుడి పేరు పొరపాటున చేరినా ఆయన మెయిలు కూడా పోతుంది. తక్కువమందితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే జరగగల పొరపాటు ఒక్కటే, ఎవరికో ఒకరికి ఖాతా ఒక రోజు ఆలస్యంగా అందుతుంది. ఈ తేడాను యాజమాన్యానికి ఇదే మాటలలో చెప్పండి, తప్పక అర్థం చేసుకుంటారు.

ఫిల్టరు రకాన్ని ఎంచుకోవడానికి ముందు కాగితం మీద చేయవలసిన పని ఉంది. డైరెక్టరీలోని ప్రతి తరగతి ఖాతాల ఎదుట రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఖాతాతో ఒక మనిషి క్లౌడ్‌లో లాగిన్ కావలసిన అవసరం ఉందా? లేకపోతే, లాగిన్ అయ్యేవారికి ఇది క్లౌడ్‌లో కనబడవలసిన అవసరమైనా ఉందా? సిబ్బందికి, ఇంజనీరింగ్ విద్యార్థులకు మొదటి ప్రశ్నకే అవును అని వస్తుంది. విభాగాల మెయిల్ గ్రూపులు, సెమినారు హాలు బుకింగ్ మెయిల్‌బాక్సు వంటివి రెండో ప్రశ్న దగ్గర నిలుస్తాయి. హాజరు యంత్రం, బ్యాకప్, స్కానరు వంటి ఖాతాలకు రెండు చోట్లా కాదు అనే వస్తుంది, కాబట్టి అవి సర్వరులోనే ఉండిపోవాలి. ల్యాబ్ కంప్యూటర్ల సంగతి మీ ఆలోచనను బట్టి ఉంటుంది. వాటిని స్థానిక డొమైన్‌లోనూ క్లౌడ్‌లోనూ కలిపి నమోదు చేసే హైబ్రిడ్ జాయిన్ పద్ధతి కావాలనుకుంటేనే కంప్యూటర్లు ఉన్న ఓయూను చేర్చాలి. ఇప్పుడే ఆ ఆలోచన లేకపోతే వదిలేయండి.

ఇక ఫిల్టర్లలో గ్రూపు పద్ధతి చూడడానికి అన్నిటికంటే సులువుగా ఉంటుంది. ఒక గ్రూపు చేసి, పంపవలసినవారిని అందులో చేర్చితే సరిపోతుందనిపిస్తుంది. కాని ఎంట్రా కనెక్ట్‌లో ఇది ప్రయోగాత్మకంగా కొద్దిమందితో పరీక్షించడం కోసం పెట్టిన పద్ధతి. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రమే దీనిని ఎంచుకోవచ్చు, ఒకసారి తీసేస్తే మళ్లీ పెట్టుకునే అవకాశం లేదు. పైగా ఆ గ్రూపులో నేరుగా సభ్యులైనవారినే లెక్కలోకి తీసుకుంటుంది. 'సిబ్బంది' గ్రూపులో 'గణిత విభాగం' అనే గ్రూపును చేర్చి ఉంటే, గణిత విభాగంలోని అధ్యాపకులు ఒక్కరూ వెళ్లరు. మీ ల్యాబ్ సిబ్బంది నలుగురైదుగురితో మొదటి వారం పరీక్షించుకోవడానికి దీనిని వాడండి, ఆ తరువాత తీసేయండి. వేల ఖాతాలున్న కళాశాలను ఏళ్ల తరబడి దీని మీద నడపవద్దు.

మీకు పునాదిగా నేను సూచించేది ఓయూ ఫిల్టరే. డైరెక్టరీ చెట్టులో ఏయే ఓయూల కింద ఉన్నవి పంపాలో టిక్కు పెట్టి చెప్పే పద్ధతి ఇది. దీనిలోని గొప్ప మేలు ఏమిటంటే, మీ తరువాత ఆ కుర్చీలోకి వచ్చేవారు కూడా డైరెక్టరీని తెరిచి చూసిన వెంటనే ఎవరు వెళతారో, ఎవరు వెళ్లరో కళ్లారా తెలుసుకోగలరు. టిక్కు లేని ఓయూలోని ఖాతాలను సింక్ సర్వరు అసలు చదివి తెచ్చుకోదు. అయితే ఈ పద్ధతి మీ ఓయూల అమరికను బట్టే పనిచేస్తుంది. ఇప్పుడు అన్నీ కలగలిసి ఉన్నాయని మీరే అంటున్నారు గనుక, ఇన్‌స్టాలేషన్‌కు ముందే సిబ్బందికి ఒకటి, ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒకటి, ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు వేర్వేరుగా, సర్వీసు ఖాతాలకు ఒకటి, వెళ్లిపోయినవారికి ఒకటి చొప్పున ఓయూలు ఏర్పరచి ఖాతాలను సర్దండి. డైరెక్టరీతో పాటు వచ్చే 'యూజర్స్' కంటైనరులో మనుషుల ఖాతాలను ఉంచవద్దు. ఖాతాను ఒక ఓయూ నుంచి మరొకదానికి మార్చినప్పుడు దానికి వర్తించే గ్రూపు పాలసీలు కూడా మారతాయి. ల్యాబ్‌లో ప్రింటరు, డ్రైవ్ అమరికలు ఆ పాలసీల నుంచి వస్తూ ఉంటే అవి కొత్త ఓయూకు కూడా వర్తిస్తున్నాయో లేదో చూసుకొని సెలవు రోజులలో ఈ పని చేయండి.

ఓయూ ఫిల్టరులో మూడు సూక్ష్మాలు చాలామంది కళ్లు కప్పుతాయి. ఖాతాలున్న ఓయూకు టిక్కు పెట్టి, గ్రూపులున్న ఓయూను మరచిపోతే మనుషులు వెళతారు గాని మెయిల్ గ్రూపులు వెళ్లవు. అలాగే గ్రూపు వెళ్లినా, అందులోని సభ్యులలో ఫిల్టరు వెలుపల ఉన్నవారు క్లౌడ్ గ్రూపులో కనబడరు. ఒక ఉద్యోగి పై అధికారిగా నమోదైన వ్యక్తి ఖాతా ఫిల్టరు వెలుపల ఉంటే, క్లౌడ్‌లో ఆ ఉద్యోగి 'మేనేజరు' గడి ఖాళీగా ఉండిపోతుంది. సెలవు మంజూరుకు, కొనుగోళ్ల ఆమోదానికి ఆ గడి మీద ఆధారపడే ఏర్పాట్లు చేసుకుంటే, అవి ఎందుకు ఆగిపోయాయో తెలియక రోజులు గడిచిపోతాయి.

యాట్రిబ్యూట్ ఫిల్టరును మినహాయింపుల కోసం దాచుకోండి. సిబ్బంది ఓయూలోనే ఉండి తీరవలసిన ఖాతా ఒకటి క్లౌడ్‌కు వెళ్లకూడదనుకోండి. దాని ఎక్స్‌టెన్షన్ యాట్రిబ్యూట్ 15 వంటి ఖాళీ గడిలో 'నోసింక్' అని రాసి, సింక్ రూల్స్ ఎడిటరులో ఆ మాట ఉన్న ఖాతాకు 'క్లౌడ్ ఫిల్టర్డ్' విలువను 'ట్రూ' చేసే ఇన్‌బౌండ్ రూలు ఒకటి సొంతంగా రాయాలి. ఆ రూలుకు ఇచ్చే ప్రాధాన్య సంఖ్య 100 కంటే తక్కువగా ఉండాలి, ఎందుకంటే 100 నుంచి పైన ఉన్నవి సాఫ్ట్‌వేరుతో వచ్చే రూళ్లవి, సంఖ్య తగ్గేకొద్దీ ప్రాధాన్యం పెరుగుతుంది. సాఫ్ట్‌వేరుతో వచ్చిన రూళ్లను మాత్రం తాకవద్దు, అప్‌గ్రేడ్ చేసిన రోజున మీ మార్పులు చెరిగిపోవచ్చు. ఈ ఎక్స్‌టెన్షన్ యాట్రిబ్యూట్లు మైక్రోసాఫ్ట్ మెయిలు సర్వరు అయిన ఎక్స్‌చేంజ్ డైరెక్టరీకి చేర్చే గడులతో (స్కీమాతో) వచ్చేవి. మీ డైరెక్టరీలో ఎన్నడూ ఎక్స్‌చేంజ్ పెట్టి ఉండకపోతే అవి కనబడవు, అప్పుడు మీరు వాడని మరో గడిని ఎంచుకోండి. ఆ గడిలోని మాటను అందరూ అక్షరం తేడా లేకుండా ఒకేలా రాయాలని మీ పని పుస్తకంలో రాసి పెట్టండి.

చదువు ముగించినవారి విషయం మీరు ఉత్తరంలో ఒక్క మాటతో వదిలేశారు గాని, కళాశాలలకు అసలు చిక్కు అక్కడే ఉంది. చాలా కళాశాలల్లో విద్యార్థి ఖాతా చేసేటప్పుడే కోర్సు ముగిసే తేదీని ఖాతా గడువు తేదీగా నమోదు చేస్తారు. ఆ తేదీ దాటగానే ల్యాబ్‌లో లాగిన్ ఆగిపోతుంది గనుక పని పూర్తయిందని అనుకుంటారు. ఆ గడువు తేదీ క్లౌడ్‌కు సింక్ కాదు. పాస్‌వర్డు నుంచి లెక్కగట్టిన గుర్తును (హ్యాష్‌ను) క్లౌడ్‌కు పంపి, లాగిన్‌ను అక్కడే సరిచూసే పాస్‌వర్డ్ హ్యాష్ సింక్ పద్ధతిని మీరు ఎంచుకుంటే, సర్వరులో గడువు తీరిన విద్యార్థి క్లౌడ్‌లో మాత్రం పాత పాస్‌వర్డుతో నిరాటంకంగా లాగిన్ అవుతూనే ఉంటాడు. పాస్‌వర్డు కాలపరిమితి సంగతీ అంతే, సింక్ అయిన ఖాతాల పాస్‌వర్డుకు క్లౌడ్‌లో సాధారణంగా గడువే ఉండదు. కాబట్టి గడువు తేదీని నమ్ముకోకుండా, ఏటా ఫలితాలు వచ్చిన తరువాత ఆ బ్యాచ్ ఖాతాలను ముందుగా డిజేబుల్ చేయండి. డిజేబుల్ అయిన విషయం క్లౌడ్‌కు చేరి, లాగిన్ ఆగిపోతుంది. విద్యార్థులు తమ మెయిళ్లు, ప్రాజెక్టు ఫైళ్లు దించుకోవడానికి ఎంత సమయం ఇవ్వాలో కళాశాల ముందే ప్రకటించి, ఆ సమయం గడిచే వరకు డిజేబుల్ చేయకుండా ఆగండి. చివరగా వాటిని టిక్కు లేని 'వెళ్లిపోయినవారు' ఓయూలోకి మార్చితే క్లౌడ్ నుంచి తొలగిపోతాయి. వందల ఖాతాలు ఒకేసారి తొలగే రోజు గనుక, కింద ఒంగోలు పాఠకురాలికి ఇచ్చిన జవాబును కూడా చదివి ఆ పని మొదలుపెట్టండి.

ఇంటర్ విద్యార్థులను ప్రస్తుతానికి పంపవద్దని నా గట్టి సలహా. వారిలో దాదాపు అందరూ 18 ఏళ్లలోపువారు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 నిండనివారు పిల్లలే, వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల అనుమతికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. మీరు వారికి క్లౌడ్‌లో ఏ సేవా ఇవ్వడం లేదు. ఇవ్వని సేవ కోసం పిల్లల పేర్లు, ఫోను నంబర్లు పంపడానికి సమర్థన ఉండదు. రేపు వారికీ మెయిలు ఇవ్వాలనుకుంటే, సంస్థ న్యాయ సలహాదారుతో మాట్లాడి ఆ ఓయూకు టిక్కు పెట్టడం నిమిషాల పని.

పని మొదలుపెట్టే రోజున సింక్ షెడ్యూలును ఆపి ఉంచండి. మామూలుగా అది ప్రతి 30 నిమిషాలకూ తనంతట తానే నడుస్తుంది, మీరు సగం టిక్కులు పెట్టి టీ తాగి వచ్చేలోగా ఆ సగం అమరికే క్లౌడ్‌కు వెళ్లిపోవచ్చు. మార్పులు పూర్తయ్యాక ఇంపోర్టు (చదివి తెచ్చుకోవడం), సింక్ నడిపి, ఎక్స్‌పోర్టు (క్లౌడ్‌కు రాయడం) చేయడానికి ముందు ఆగి, ఎన్ని కొత్తవి చేరబోతున్నాయో, ఎన్ని తొలగబోతున్నాయో చూడండి. కాగితం మీద మీరు వేసుకున్న లెక్కకు ఆ సంఖ్య సరిపోయినప్పుడే ఎక్స్‌పోర్టు చేసి, షెడ్యూలును తిరిగి నడపండి. ఇంకొక సర్వరు పెట్టుకోగలిగితే దానిని స్టేజింగ్ మోడ్‌లో ఉంచండి. అది అన్నీ చదివి లెక్కలన్నీ వేస్తుంది గాని క్లౌడ్‌కు ఏదీ రాయదు గనుక, ఏ మార్పునైనా ముందుగా అక్కడ చూసుకోవచ్చు.

ప్రశ్న: మాది మధ్యతరహా ఆసుపత్రి. డైరెక్టరీని సర్దుతూ నర్సింగ్ విభాగానికి కొత్త ఓయూ చేసి ఖాతాలను అందులోకి మార్చాను. గంటలోపే వారి మెయిలు ఆగిపోయింది. క్లౌడ్‌లో చూస్తే ఖాతాలే లేవు. పొరపాటున ఎక్కువ ఖాతాలు తొలగకుండా ఆపే రక్షణ ఎంట్రా కనెక్ట్‌లో ఉందని విన్నాను. అది మా విషయంలో ఎందుకు పనిచేయలేదు? డ్యూటీ పట్టికలు పంపడం ఆగిపోయింది గనుక కొత్త ఖాతాలు చేసి ఇవ్వమంటున్నారు.
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, కొత్త ఖాతాలు మాత్రం చేయకండి. ఇది చదివేసరికి చేసి ఉంటే, కింద చెప్పిన పని మొదలుపెట్టే ముందు వాటిని తీసేయండి. అదే పేరుతో, అదే మెయిలు చిరునామాతో కొత్తది ఉంటే పాతది తిరిగి వచ్చేటప్పుడు రెండూ ఢీకొంటాయి.

మీ ఖాతాలు పోలేదు. కొత్త ఓయూకు ఫిల్టరులో టిక్కు లేదు గనుక, ఆ ఖాతాలు డైరెక్టరీ నుంచే మాయమైనట్లు సింక్ సర్వరు భావించి క్లౌడ్‌లో తొలగించింది. అలా తొలగిన యూజర్ ఖాతా క్లౌడ్‌లో 30 రోజుల పాటు 'తొలగించిన యూజర్లు' అనే చోట ఉంటుంది, ఆ గడువు దాటితే శాశ్వతంగా పోతుంది. మీరు ఎంట్రా కనెక్ట్ విజార్డు తెరిచి, కొత్త ఓయూకు టిక్కు పెట్టి, పూర్తి సింక్ నడపండి. ప్రతి ఖాతాకూ సోర్స్ యాంకర్ అనే మారని గుర్తు ఒకటి ఉంటుంది. ఓయూ మారినా అది మారదు గనుక, పాత క్లౌడ్ ఖాతా ఏదో గుర్తుపట్టి దానినే మెయిల్‌బాక్సుతో సహా తిరిగి తెస్తుంది. తరువాత ఒక్కొక్కరి లైసెన్సు నిలిచి ఉందో లేదో చూసుకోండి. ఈ 30 రోజుల భరోసా యూజర్ ఖాతాలకు చెప్పినది. ఆ ఓయూతో పాటు సెక్యూరిటీ గ్రూపులు కూడా తరలించి ఉంటే వాటిని విడిగా సరిచూసుకోండి.

మీరు విన్న రక్షణ నిజమైనదే, అది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. కాని దాని మామూలు హద్దు 500. ఒక్క విడతలో 500 కంటే ఎక్కువ తొలగింపులు వస్తేనే అది ఎక్స్‌పోర్టును ఆపి, నమోదైన టెక్నికల్ కాంటాక్ట్ చిరునామాకు మెయిలు పంపుతుంది. పెద్ద సంస్థలకు ఆ సంఖ్య సరిపోవచ్చు. మీ ఆసుపత్రి సిబ్బంది మొత్తం కలిపినా అంతమంది ఉండరేమో! అంటే మొత్తం డైరెక్టరీ తుడిచిపెట్టుకుపోయినా ఆ కాపలా కదిలేది కాదు. మన జిల్లాలలోని ఆసుపత్రులు, కళాశాలలు, మిల్లులు, ఎగుమతి సంస్థలలో ఎక్కువ భాగం ఇదే స్థితిలో ఉంటాయి గనుక ఈ మాటను మీ ఒక్కరికే కాక పాఠకులందరికీ చెబుతున్నాను. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే సాధనమైన పవర్‌షెల్‌లో ఒక్క ఆదేశంతో ఆ హద్దును మార్చవచ్చు. మామూలు నెలలో మీ దగ్గర ఎంతమంది ఉద్యోగం మానుకుంటారో చూసి, దానికి కొంచెం పైన హద్దు పెట్టండి. రెండు వందల మంది ఉన్నచోట 10 పెట్టినా ఎక్కువ కాదు. హెచ్చరిక మెయిలు ఎవరికి వెళుతుందో కూడా చూడండి. ఎప్పుడో సెటప్ చేసి వెళ్లిపోయిన వెండరు చిరునామా అక్కడ ఉంటే ఆ హెచ్చరిక ఎవరికీ ఉపయోగపడదు. నిజంగానే ఎక్కువ ఖాతాలు తొలగించవలసిన రోజున, జాబితా ఒకసారి చదివి, రక్షణను తాత్కాలికంగా ఆపి, ఎక్స్‌పోర్టు అయిన వెంటనే తిరిగి పెట్టుకోండి.

ప్రశ్న: మా గ్రానైట్ ఎగుమతి సంస్థ డైరెక్టరీ డొమైన్ చివర 'డాట్ లోకల్' అని ఉంది. పరీక్షగా కొన్ని ఖాతాలు పంపితే క్లౌడ్‌లో అందరి లాగిన్ పేర్ల చివరా 'డాట్ ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్' అని వచ్చింది. విదేశీ కొనుగోలుదార్లకు ఆ పేరుతో మెయిలు పంపడం బాగుండదు. ఫిల్టరుతో దీనిని సరిచేయవచ్చునా?
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఫిల్టరుకు దీనితో సంబంధం లేదు. 'డాట్ లోకల్' ఇంటర్నెట్‌లో ఎవరూ నమోదు చేసుకోగల పేరు కాదు గనుక క్లౌడ్ దానిని ధ్రువీకరించలేదు, అందుకే తన సొంత పేరు తగిలించింది. మీ వెబ్‌సైటుకు ఉన్న డొమైన్‌ను ముందుగా ఎంట్రాలో చేర్చి, అక్కడ ఇచ్చే టెక్స్ట్ రికార్డును మీ డొమైన్ వివరాలు ఉండే డీఎన్‌ఎస్‌లో పెట్టి ధ్రువీకరించుకోండి. తరువాత 'యాక్టివ్ డైరెక్టరీ డొమైన్స్ అండ్ ట్రస్ట్స్'లో అదే పేరును అదనపు యూపీఎన్ సఫిక్స్‌గా (లాగిన్ పేరులో @ తరువాత వచ్చే భాగంగా) చేర్చి, పంపవలసిన ఖాతాలకు దానిని ఎంపిక చేయండి. ఇందుకోసం డైరెక్టరీ డొమైన్ పేరు మార్చనవసరం లేదు, క్వారీ ఆఫీసులో కంప్యూటర్లకు పాత పద్ధతిలో లాగిన్ అయ్యేవారికి ఏ తేడా తెలియదు. మిగిలిన ఖాతాలను పంపడానికి ముందే ఇది పూర్తి చేయండి.

ప్రశ్న: నేను ఒక సంస్థకు వెలుపలి నుంచి ఐటీ ఆడిట్ చేస్తాను. డైరెక్టరీ మొత్తం మీద అధికారం ఉన్న డొమైన్ అడ్మిన్ ఖాతాలు కూడా క్లౌడ్‌కు సింక్ అయి ఉండడం గమనించాను. మైక్రోసాఫ్ట్ వారే అడ్మినిస్ట్రేటర్ ఖాతాను ఆపుతారు గదా అని సిస్టమ్స్ విభాగం వారు అంటున్నారు. అలాగే ఉద్యోగం మానినవారి డిజేబుల్ చేసిన ఖాతాలన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి. వీటిని ఒక రూలుతో ఆపమని రాయవచ్చునా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వారు చెప్పినది సగమే నిజం. డైరెక్టరీతో పాటు పుట్టిన అడ్మినిస్ట్రేటర్ వంటి కీలక వ్యవస్థ ఖాతాలు సింక్ కాకుండా సాఫ్ట్‌వేరులోనే రూలు ఉంది. కాని సిబ్బందిలో ఒకరికి మనం ఖాతా చేసి, దానిని డొమైన్ అడ్మిన్స్ గ్రూపులో చేర్చితే, ఆ రూలు దృష్టిలో అది మామూలు ఖాతాయే. అటువంటి వాటిని ఫిల్టరు వెలుపల ఉన్న ఓయూలో విడిగా ఉంచాలి. ఆ ఉద్యోగికి మెయిలు కావాలంటే, అధికారాలేవీ లేని రెండో ఖాతా ఒకటి ఇచ్చి దానిని పంపాలి.

అటు వైపు కూడా ఇదే నియమం. క్లౌడ్‌లో గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్ అధికారం ఉన్న ఖాతాలు క్లౌడ్‌లోనే పుట్టినవై ఉండాలి గాని సర్వరు నుంచి సింక్ అయినవి కాకూడదు. సర్వరులోకి ఎవరైనా చొరబడితే సింక్ ఖాతా పాస్‌వర్డు మార్చి, అక్కడి నుంచి క్లౌడ్ మొత్తాన్ని చేజిక్కించుకోగలరు. అత్యవసరం కోసం 'ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్' పేరుతోనే రెండు క్లౌడ్ ఖాతాలు భద్రపరచుకొమ్మని మైక్రోసాఫ్ట్ సూచిస్తుంది, అవి ఉన్నాయో లేదో మీ నివేదికలో రాయండి. ఎంట్రా కనెక్ట్ నడుస్తున్న సర్వరును డైరెక్టరీని నడిపే సర్వరు అయిన డొమైన్ కంట్రోలరుతో సమానంగా కాపాడుతున్నారా అన్నది కూడా చూడండి. పాస్‌వర్డ్ హ్యాష్‌లను చదివే అధికారం ఉన్న ఖాతా అక్కడ పనిచేస్తూ ఉంటుంది గనుక, దాని మీద టాలీ నడపడం, అందరికీ రిమోట్ డెస్క్‌టాప్ ఇవ్వడం తీవ్రమైన లోపాలుగా నమోదు చేయదగినవి.

డిజేబుల్ ఖాతాల విషయంలో మాత్రం తొందరపడి సిఫారసు చేయకండి. అవి సింక్ కావడం లోపం కాదు, సాఫ్ట్‌వేరు ఉద్దేశపూర్వకంగానే వాటిని పంపుతుంది. ఆ సంగతి క్లౌడ్‌కు చేరడం వల్లనే మానినవారి లాగిన్ అక్కడ ఆగిపోతుంది. "డిజేబుల్ అయినవాటిని పంపవద్దు" అని రూలు రాస్తే మరొక ప్రమాదం ఉంది. అకౌంట్స్ విభాగమంతా కలిసి చూసే షేర్డ్ మెయిల్‌బాక్సు, సమావేశ గది మెయిల్‌బాక్సు వంటివాటి వెనుక ఉన్న డైరెక్టరీ ఖాతాలు సాధారణంగా డిజేబుల్ అయ్యే ఉంటాయి. ఆ రూలు అమలైన రోజున బిల్లులన్నీ వచ్చే మెయిల్‌బాక్సు కూడా తొలగింపుల జాబితాలోకి వెళుతుంది. మానినవారిని ఒక ఓయూలోకి చేర్చి, సంస్థ నిర్ణయించిన గడువు తరువాత ఆ ఓయూను ఫిల్టరు వెలుపల ఉంచమని రాయండి. షేర్డ్ మెయిల్‌బాక్సులకు వేరే ఓయూ ఉండాలని కూడా చేర్చండి.

ప్రశ్న: కృష్ణపట్నం పోర్టు మీద ఆధారపడిన చిన్న రవాణా సంస్థ మాది. ఎంట్రా కనెక్ట్ కోసం ప్రత్యేకంగా సర్వరు పెట్టే స్థోమత లేదు. క్లౌడ్ సింక్ అనే తేలిక పద్ధతి ఉందట. అందులోనూ ఇలా ఎంచుకొని పంపవచ్చునా?
— ఒక పాఠకుడు, ముత్తుకూరు

జవాబు: పంపవచ్చు. ఎంట్రా క్లౌడ్ సింక్‌లో మీ సర్వరు మీద చిన్న ఏజెంటు మాత్రమే ఉంటుంది, అమరికలన్నీ క్లౌడ్‌లోనే చేసుకుంటారు. అక్కడ కూడా ఓయూలను గాని గ్రూపులను గాని ఎంచుకొని పరిధి నిర్ణయించవచ్చు. గ్రూపు లోపలి గ్రూపుల సభ్యులు వెళ్లరన్న పరిమితి అక్కడా ఉంది గనుక మీరు కూడా ఓయూనే నమ్ముకోండి. కంప్యూటర్లను అది క్లౌడ్‌కు చేరవేయదు. బుకింగ్ కౌంటరు వారికీ ఆఫీసు సిబ్బందికీ మెయిలు ఇవ్వడం వరకే మీ అవసరం అయితే అది అడ్డంకి కాదు. లారీ డ్రైవర్లకు డైరెక్టరీలో ఖాతాలు ఉండి, వారు మెయిలు వాడకపోతే, ఆఫీసు సిబ్బంది నుంచి వేరు చేసి మరో ఓయూలో ఉంచి, ఆ ఓయూను పరిధిలో చేర్చకుండా మొదలుపెట్టండి.